పాఠం - 9: ఒకే బట్ట, అనేక సంస్కృతులు - కోరమాండల్ అద్దకపు వస్త్రాల చరిత్ర (17, 18 శతాబ్దాలు)

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 అద్దకపు బట్ట తయారీ విధానం
9.3 ఆసియా సమాజాల్లో అద్దకపు బట్ట
9.4 యూరప్‌లో కొత్త ఫ్యాషన్
9.5 నిషేధ చట్టాలు
9.6 చేతిపని విద్య యూరప్‌కు చేరడం
9.7 ఆంధ్ర తీరంలో మార్పులు
9.8 సారాంశం
9.9 ముఖ్య పదాలు
9.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

- కోరమాండల్ తీరంలో అద్దకపు బట్టలను ఏ పద్ధతిలో తయారుచేసేవారో వివరించగలుగుతారు.
- ఒకే వస్త్రం వేర్వేరు సంస్కృతుల్లో వేర్వేరు అర్థాలను ఎలా సంతరించుకుందో ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
- ఫ్రాన్స్, ఇంగ్లండ్ దేశాలు ఈ బట్టలను ఎందుకు నిషేధించాయో విశ్లేషించగలుగుతారు.
- ఫ్యాషన్‌కూ, రాజ్యాధికారానికీ, శ్రమకూ మధ్య ఉన్న సంబంధాన్ని చర్చించగలుగుతారు.

9.1 పరిచయం

తిండి, బట్ట, ఇల్లు మనిషి ప్రాథమిక అవసరాలని చిన్న తరగతుల్లోనే చదువుకున్నాం. అయితే ఎండ, చలి, వానల నుంచి కాపాడుకోవడమే బట్ట పని అయితే దాని చరిత్ర చాలా చిన్నదిగా ఉండేది. ఒక మనిషిని చూడగానే అతని ఊరు, వృత్తి, మతం, సంపద, హోదా ఇవన్నీ ఎదుటివారు అంచనా వేసేది మొదట బట్టను బట్టే. అందుకే ఎవరు ఏమి కట్టుకోవాలి, ఏమి కట్టుకోకూడదు అన్న విషయంలో కుటుంబం, కులం, మతం, రాజ్యం అన్నీ జోక్యం చేసుకున్నాయి. వేషధారణ చరిత్ర చదవడమంటే ఈ జోక్యాల చరిత్ర చదవడమే.

ప్రపంచంలోని వేషధారణలన్నింటినీ ఒక్క పాఠంలో చెప్పడం సాధ్యం కాదు. కనుక ఇక్కడ ఒకే ఒక వస్త్రాన్ని తీసుకుని, అది వెళ్లిన దేశాలన్నింటికీ దాని వెంట వెళ్దాం. అది కోరమాండల్ తీరపు అద్దకపు నూలుబట్ట. దీనిని మనవాళ్లు అద్దకం అనీ, చీటిగుడ్డ అనీ అన్నారు. పారశీక వర్తకులు కలంకారీ అన్నారు. డచ్చివారు సిట్స్ అనీ, ఇంగ్లీషువారు చింట్జ్ అనీ, ఫ్రెంచివారు ఇండియెన్ అనీ, జపాన్‌వారు సరస అనీ పిలిచారు. ఇన్ని పేర్లు ఉండడమే ఆ బట్ట ఎంత దూరం ప్రయాణించిందో తెలుపుతుంది.

భారతదేశంలో నూలుకు రంగు వేసే విద్య చాలా ప్రాచీనం. మొహెంజొదారో తవ్వకాల్లో ఒక వెండి పాత్రకు అంటుకుని, ఎర్రరంగు వేసిన నూలుబట్ట ముక్క దొరికింది. ఈజిప్టులోని పాత కైరో, అంటే ఫుస్తాత్‌లో, మధ్యయుగాల నాటి భారతీయ అద్దకపు బట్టలు బయటపడ్డాయి. వాటిలో ఎక్కువ భాగం గుజరాత్ నుంచి వెళ్లినవి. తెలుగు తీరంలో కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో విదేశీ వర్తకులకు రక్షణ కల్పిస్తూ అభయశాసనం వేయించాడు. 13వ శతాబ్ది చివరలో మార్కోపోలో ఈ ప్రాంతపు సన్నని వస్త్రాలను మెచ్చుకున్నాడు. కనుక యూరప్ కంపెనీలు వచ్చి ఇక్కడ వస్త్రవ్యాపారాన్ని ప్రారంభించలేదనీ, అప్పటికే సాగుతున్న వ్యాపారంలో ప్రవేశించాయనీ విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

9.2 అద్దకపు బట్ట తయారీ విధానం

ఈ బట్టకు ప్రపంచమంతటా గిరాకీ ఎందుకు వచ్చిందో తెలియాలంటే దాని తయారీ తెలియాలి. పట్టుకూ, ఉన్నికీ రంగు సులభంగా పడుతుంది. నూలుకు పట్టదు. పట్టినా ఉతికితే పోతుంది. ఈ చిక్కును తీరాంధ్ర, తమిళ ప్రాంతాల పనివారు చెట్టుచేమలతో, లోహపు లవణాలతో పరిష్కరించారు.

మొదట నేసిన బట్టకున్న గంజి పోయేలా ఉతికేవారు. తరువాత కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెట్టేవారు. కరక్కాయలోని వగరు పదార్థం రంగు పట్టడానికి తోడ్పడుతుంది. పాలలోని కొవ్వు గీసిన గీత చెదరకుండా, పక్కకు పాకకుండా ఆపుతుంది. ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో రోజుల తరబడి పులియబెట్టి నల్లని ద్రావణం తయారుచేసేవారు. వెదురు పుల్ల చివర ఉన్ని లేదా గుడ్డ చుట్టి కలంగా వాడి, ఆ ద్రావణంతో గీతలు గీసేవారు. కరక్కాయ, ఇనుము కలిసినచోట చెరగని నలుపు వచ్చేది.

ఎరుపు రావలసినచోట పటిక నీటిని పూసేవారు. ఆ తరువాత చిరివేరు వేసిన నీటిలో బట్టను ఉడికించేవారు. పటిక తగిలినచోటనే ఎరుపు నిలిచేది. మిగిలిన చోట అంటిన రంగును పేడనీటిలో నానబెట్టి, ఎండలో పరచి, మళ్లీ మళ్లీ నీళ్లు చల్లి పోగొట్టేవారు. అంటే కలం పట్టిన మనిషి పూసేది రంగును కాదు, రంగును పట్టించే పదార్థాన్ని. రంగు తరువాత వస్తుంది. ఈ పనిలోని శాస్త్రమంతా ఈ ఒక్క సంగతిలో ఉంది.

నీలం కోసం మరో పద్ధతి ఉండేది. నీలం రాకూడని భాగాలన్నింటినీ కరిగించిన మైనంతో కప్పి, బట్టను నీలిమందు తొట్టిలో ముంచేవారు. తరువాత వేడినీటిలో మైనాన్ని కరిగించి తీసివేసేవారు. పసుపురంగును చివరన పూసేవారు. నీలం మీద పసుపు పడితే ఆకుపచ్చ వచ్చేది. పసుపు త్వరగా వెలిసిపోతుంది. అందుకే మ్యూజియాల్లో ఉన్న పాత అద్దకాల్లో ఆకులు నీలంగా కనిపిస్తాయి.

ఇన్ని దశలు దాటి ఒక పెద్ద బట్ట పూర్తికావడానికి వారాలు, ఒక్కొక్కసారి నెలలు పట్టేది. పారే నీరు, మండే ఎండ, మంచి చిరివేరు ఈ మూడూ దొరికే చోటే పని సాగేది. కృష్ణా ముఖద్వారం సమీపంలోని నిజాంపట్నం ప్రాంతపు ఇసుక నేలల్లో దొరికే చిరివేరుకు ఎంతో పేరు ఉండేది. యూరప్ వర్తకుల రికార్డుల్లో పెటపోలి అని కనిపించేది ఈ నిజాంపట్నమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
అ) అద్దకంలో పటిక, కరక్కాయల పాత్ర ఏమిటి?
ఆ) పాత అద్దకాల్లో ఆకులు నీలంగా కనిపించడానికి కారణమేమిటి?

9.3 ఆసియా సమాజాల్లో అద్దకపు బట్ట

గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం ఈ తీరంలో ప్రధానమైన రేవు. ఇక్కడి నుంచి ఇరాన్‌కు వెళ్లిన బట్టలు పరదాలుగా, గుడారాల లోపలి అలంకరణగా, దుస్తులకు లోపలి గుడ్డగా ఉపయోగపడ్డాయి. మసీదులోని మిహ్రాబ్ కమాను ఆకారాన్ని మధ్యలో చిత్రించి, నమాజు సమయంలో పరుచుకునే గుడ్డలు కూడా తయారుచేశారు. ఇరాన్ అభిరుచి ఇక్కడి నమూనాల మీద ప్రభావం చూపింది. సైప్రస్ వంటి నిటారు చెట్లు, తీగలు, పూలకుండీలు ఎక్కువయ్యాయి.

తూర్పు దిక్కున ఈ బట్ట పాత్ర ఇంకా విచిత్రమైనది. మలుక్కా దీవుల్లో లవంగాలు, జాజికాయ పండించేవారు వెండికన్నా భారతీయ వస్త్రాలనే ఎక్కువగా కోరారు. సుగంధద్రవ్యాలు కొనాలంటే ముందు కోరమాండల్ బట్టలు కొనాలని యూరప్ వర్తకులకు త్వరలోనే అర్థమైంది. డచ్చి ఈస్టిండియా కంపెనీ 1605-06లో మచిలీపట్నంలో అడుగుపెట్టడానికి, ఇంగ్లీషు కంపెనీ 1611లో రావడానికి ముఖ్యమైన కారణం ఇదే.

ఇండోనేషియాలోని సులవేసి దీవిలో తొరాజా ప్రజలు ఈ బట్టలను కట్టుకోవడానికి కాక, దాచుకోవడానికి కొన్నారు. వాటిని తరతరాలుగా పవిత్రమైన వారసత్వ సంపదగా భద్రపరచి, పండుగలు, కర్మకాండల సమయంలో మాత్రమే బయటికి తీసేవారు. ఇక్కడి పనివాడికి అది అమ్మకపు సరుకు, అక్కడి కుటుంబానికి పూర్వీకుల ఆశీస్సు.

సయాం రాజ్యంలో, అంటే నేటి థాయిలాండ్‌లో, ఇదే బట్ట హోదాకు గుర్తు. అయుత్థయ రాజాస్థానం తమ నమూనాలను గీయించి కోరమాండల్‌కు పంపి, వాటి ప్రకారం బట్టలు తయారుచేయించుకునేది. ఆస్థానంలో ఏ స్థాయివారు ఏ నమూనా ధరించాలో నియమాలుండేవి. రాజు ఇచ్చిన బట్టను ధరించడం రాజు అనుగ్రహాన్ని ధరించడమే.

జపాన్‌లో 1641 తరువాత నాగసాకి దగ్గరి దెజిమా దీవి నుంచి మాత్రమే డచ్చివారు వ్యాపారం చేయగలిగేవారు. కనుక సరస బట్ట అరుదైనది, ఖరీదైనది. తేనీటి వేడుకలో వాడే పాత్రలకు సంచులు, పొగాకు తిత్తులు, దుస్తుల లోపలి భాగాలు దీనితో కుట్టేవారు. వర్తకులు ఆడంబరంగా కనిపించకూడదని ఎదో కాలపు ప్రభుత్వం పదే పదే ఆజ్ఞలు జారీచేసింది. పైకి సాదాగా, లోపల విలువైన బట్టతో దుస్తులు కుట్టించుకోవడం అక్కడ ఒక అభిరుచిగా స్థిరపడడానికి ఈ ఆంక్షలు దోహదం చేశాయి. 1778లో సరస నమూనాల పుస్తకం కూడా జపాన్‌లో అచ్చయింది.

ఈ ఉదాహరణలన్నింటిలో బట్ట ఒకటే. దానికి అర్థం ఇచ్చినది మాత్రం దానిని అందుకున్న సమాజం.

9.4 యూరప్‌లో కొత్త ఫ్యాషన్

యూరప్‌లో అద్దకపు బట్ట మొదట గోడలకూ, మంచాలకూ వెళ్లింది. పలంగ్‌పోష్, అంటే మంచం మీద కప్పే పెద్ద బట్ట, అక్కడ పాలంపోర్‌గా మారింది. లండన్‌లో నౌకాదళ అధికారిగా ఉన్న శామ్యూల్ పెపిస్ తన భార్య చదువుకునే గది గోడలకు వేయడానికి భారతీయ అద్దకపు బట్టను కొన్నట్లు 1663లో తన దినచర్యలో రాసుకున్నాడు.

కొనుగోలుదారుల ఇష్టానికి తగ్గట్టు బట్టను మార్చే ప్రయత్నం అంతకుముందే మొదలైంది. ఎర్రని నేపథ్యం ఉన్న బట్టలు ఇంగ్లండ్‌లో సరిగా అమ్ముడుపోవడం లేదనీ, తెల్లని నేపథ్యం మీద పూలు ఉన్నవి పంపమనీ లండన్‌లోని కంపెనీ అధికారులు 1643లో సూరత్‌లోని ప్రతినిధులకు రాశారు. తరువాత నమూనాలను కూడా పంపడం ప్రారంభించారు. మెలికలు తిరిగిన కొమ్మలతో, ఊహాలోకపు పూలతో ఉండే 'జీవవృక్షం' నమూనాను యూరప్‌వారు అచ్చమైన భారతీయ కళ అనుకున్నారు. నిజానికి దానిలో ఇరాన్, చైనా, యూరప్, భారతదేశాల చిత్రకళలు కలిసి ఉన్నాయి.

17వ శతాబ్ది చివరి దశాబ్దాల్లో ఈ బట్ట మంచం మీద నుంచి ఒంటి మీదికి వచ్చింది. అప్పటిదాకా యూరప్‌లో సామాన్యులు బరువైన ఉన్ని, నార బట్టలు ధరించేవారు. రంగురంగుల పూలు ధనికుల పట్టుబట్టల మీదనే కనిపించేవి. ఇప్పుడు తేలికగా ఉండి, ఉతికినా రంగు పోని, పట్టుకన్నా చౌకైన పూలబట్ట మార్కెట్లోకి వచ్చింది. స్త్రీలు గౌన్లు, జాకెట్లు, పావడాలు కుట్టించుకున్నారు. ధనిక పురుషులు ఇంట్లో వదులైన పొడవాటి అంగీ వేసుకున్నారు. గుజరాతీ వర్తకుల పేరు మీద దానిని బన్యన్ అన్నారు. మన లోపలి చొక్కాకు బనియను అన్న పేరు కూడా ఇదే మూలం నుంచి వచ్చింది.

నెదర్లాండ్స్‌లోని హిందెలోపెన్ రేవు పట్టణంలో స్త్రీలు వెంట్కె అనే పొడవాటి కోటును ఈ బట్టతో కుట్టించుకునేవారు. సంతాప సమయంలో నీలం, తెలుపు రంగుల బట్టను వాడేవారు. వేల మైళ్ల అవతల తయారైన బట్ట ఒక చిన్న పట్టణపు 'సంప్రదాయ' దుస్తుగా మారింది. సంప్రదాయం అంటే బయటి ప్రభావం సోకనిది అనే అభిప్రాయాన్ని ఇటువంటి ఉదాహరణలు సవరిస్తాయి.

9.5 నిషేధ చట్టాలు

ఈ ఫ్యాషన్ పట్ల వ్యతిరేకత రెండు వైపుల నుంచి వచ్చింది. ఒకటి ఆర్థికం. ఉన్ని, పట్టు నేసేవారు తమ బతుకు పోతున్నదని ఆందోళన చెందారు. రెండోది సామాజికం. పనిమనిషికీ, యజమానురాలికీ బట్టలో తేడా కనిపించడం లేదన్నది ఆనాటి రచనల్లో తరచుగా వినిపించిన ఫిర్యాదు. రాబిన్సన్ క్రూసో రచయిత డేనియల్ డిఫో కూడా ఈ బట్టలకు వ్యతిరేకంగా రాశాడు.

ఫ్రాన్స్ ప్రభుత్వం 1686 అక్టోబరులో అద్దకపు బట్టల దిగుమతినీ, దేశంలో అద్దకపు పనినీ నిషేధించింది. ఆ నిషేధం 1759 వరకు కొనసాగింది. ఆ మధ్యకాలంలో ఆజ్ఞలను పదే పదే జారీచేయవలసి రావడమే అవి సరిగా అమలు కాలేదనడానికి నిదర్శనం. దొంగరవాణా పెరిగింది. రాజాస్థానానికి చెందినవారే నిషిద్ధ వస్త్రాలను వాడారు. శిక్షల భారం ఎక్కువగా పేదలూ, చిన్న వర్తకులూ మోశారు.

ఇంగ్లండ్ పార్లమెంటు 1700లో చేసిన చట్టం ప్రకారం 1701 నుంచి భారత, పర్షియా, చైనాల పట్టుబట్టలనూ, రంగు అద్దిన నూలుబట్టలనూ దేశంలో వాడకూడదు. విదేశాలకు తిరిగి ఎగుమతి చేయవచ్చు. అయితే అద్దకం లేని తెల్లని నూలుబట్టను చట్టం అడ్డుకోలేదు. లండన్ అద్దకపు పనివారు ఆ తెల్లబట్టను తెప్పించి ఇంగ్లండ్‌లోనే రంగులు అద్దడం మొదలుపెట్టారు. నేతగాళ్ల కోపం చల్లారలేదు. 1719లో లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్లు వీధుల్లోకి వచ్చి అద్దకపు గౌన్లు ధరించిన స్త్రీల మీద దాడిచేశారు. బట్టలు చింపారు, సిరా, ఆమ్లం చల్లారు. నేతగాళ్ల ఆకలి నిజమైనదే. కానీ వారి కోపానికి గురైనది వ్యాపారం చేసిన కంపెనీ కాదు, ఆ బట్ట కట్టుకున్న ఆడవాళ్లు. వేషధారణ చరిత్రలో ఇటువంటి సంఘటనలు అనేక దేశాల్లో పునరావృతమయ్యాయి.

1721లో మరింత కఠినమైన చట్టం వచ్చి 1722 డిసెంబరు 25 నుంచి అమల్లోకి వచ్చింది. అద్దకపు నూలుబట్ట ధరించినవారికి 5 పౌండ్లు, అమ్మినవారికి 20 పౌండ్లు జరిమానా. ధరించినవారి జరిమానా సమాచారం ఇచ్చినవారికే చెందుతుంది. అంటే పొరుగువారి దుస్తుల మీద నిఘా పెట్టడానికి చట్టమే డబ్బు చూపించింది. 1736లో నార పడుగు, నూలు పేకతో ఇంగ్లండ్‌లో నేసిన బట్ట మీద అద్దకానికి అనుమతి దొరికింది. 1774లో పూర్తిగా బ్రిటన్‌లో తయారైన నూలుబట్టకు అనుమతి ఇచ్చారు. దానిని గుర్తించడానికి అంచులో మూడు నీలి పోగులు ఉండాలని నిబంధన పెట్టారు.

ఈ చట్టాల ఫలితాన్ని జాగ్రత్తగా అంచనా వేయాలి. చట్టాలు ఫ్యాషన్‌ను చంపలేకపోయాయి. ప్రజల కోరిక అలాగే ఉంది. విదేశీ సరుకు మాత్రం చట్టబద్ధంగా దొరకదు. ఆ ఖాళీని పూరించడానికి స్వదేశీ పరిశ్రమకు అర్ధశతాబ్దికి పైగా సమయం దొరికింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
అ) 1700, 1721 చట్టాల మధ్య తేడాలు ఏమిటి?
ఆ) స్పిటల్‌ఫీల్డ్స్ ఘటనలో దాడికి గురైనవారెవరు? దీని నుంచి మీరు ఏమి గ్రహించారు?

9.6 చేతిపని విద్య యూరప్‌కు చేరడం

నిషేధాలు ఉన్న కాలంలోనే యూరప్‌వారు అద్దకపు రహస్యాలను సేకరించారు. 1734లో ఆంత్వాన్ ద బోల్యూ అనే ఫ్రెంచి నౌకాధికారి పాండిచ్చేరిలో పని జరుగుతుండగా చూసి, ప్రతి దశలోనూ ఒక బట్ట ముక్కను కత్తిరించి తన రాతప్రతికి జతచేశాడు. 1742లో గాస్తోన్ కెర్దూ అనే జెసూట్ ఫాదరీ కొత్తగా క్రైస్తవులైన పనివారిని అడిగి తెలుసుకున్న విషయాలను లేఖగా ఫ్రాన్స్‌కు పంపాడు. సంస్కృతానికీ, గ్రీకు, లాటిన్ భాషలకూ ఉన్న పోలికలను తొలినాళ్లలోనే గుర్తించినవాడుగా, తెలుగు నేర్చిన పండితుడుగా కూడా ఇతడు ప్రసిద్ధుడు. 18వ శతాబ్ది చివరలో సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ మొక్కల గురించి రాసిన గ్రంథంలో చిరివేరును వర్ణించాడు.

విద్య అందింది, తెలిపినవారి పేర్లు అందలేదు. ఏ పనివాడు ఏ మెలకువ చెప్పాడో, దానికి అతనికి ఏమి దక్కిందో మన చరిత్ర గ్రంథాల్లో కనిపించదు.

యూరప్‌వారు ఈ విద్యకు తమ యంత్రాలను జోడించారు. 1752లో ఐర్లండ్‌లో రాగి పలకలతో బట్ట మీద అచ్చువేసే పద్ధతి వచ్చింది. 1760లో ఒబెర్‌కాంఫ్ ఫ్రాన్స్‌లోని జుయీలో పరిశ్రమ స్థాపించాడు. 1783లో థామస్ బెల్ రోలరు అచ్చుకు పేటెంటు పొందాడు. నూలు వడికే యంత్రాలు, ఆర్క్‌రైట్ 1769 నాటి వాటర్ ఫ్రేమ్, క్రాంప్టన్ 1779 నాటి మ్యూల్, గట్టి నూలును చౌకగా అందించాయి. 1869లో ఎరుపుకు మూలమైన అలిజరిన్‌ను, 1897లో నీలిమందును కృత్రిమంగా తయారుచేసి మార్కెట్లోకి తేవడం ప్రారంభించారు. చిరివేరు, నీలి తోటల అవసరం తగ్గిపోయింది.

ఈ ఫ్యాషన్‌కు మరో చీకటి కోణం ఉంది. పశ్చిమ ఆఫ్రికా తీరంలో యూరప్ వర్తకులు బానిసలను కొనడానికి ఇచ్చిన సరుకుల్లో భారతీయ నూలుబట్టలకు ముఖ్యమైన స్థానం ఉంది. ఇంగ్లండ్ చట్టం తిరిగి ఎగుమతికి అనుమతి ఇచ్చిందని పైన చదివారు. అలా వెళ్లిన బట్టలో కొంత ఈ వ్యాపారానికే చేరింది. ఆ మనుషుల శ్రమతో అమెరికా ఖండంలో పండిన పత్తి తరువాత ఇంగ్లండ్ మిల్లులకు వచ్చింది.

9.7 ఆంధ్ర తీరంలో మార్పులు

1687లో గోల్కొండ పతనం, మద్రాసు ఎదుగుదల మచిలీపట్నం ప్రాముఖ్యాన్ని తగ్గించాయి. 1766లో ఉత్తర సర్కారుల విషయమై నిజాంతో ఒప్పందం కుదిరిన తరువాత, బట్ట కొనే కంపెనీయే ఇక్కడ పాలకురాలు కూడా అయింది. పూర్వం ఒక వర్తకుడు సరైన ధర ఇవ్వకపోతే నేతగాడు మరొకరికి అమ్ముకోగలిగేవాడు. ముందస్తు సొమ్ము తీసుకున్నాక కంపెనీకే అమ్మాలన్న ఒత్తిడి ఇప్పుడు పెరిగింది. 18వ శతాబ్ది చివరలో ఈ ప్రాంతపు నేతగాళ్లు నిరసనలు కూడా తెలిపారు. 19వ శతాబ్దిలో మిల్లుబట్ట వరదలా వచ్చింది. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో మచిలీపట్నం ప్రాంతంలో సుమారు 30,000 మంది మరణించారు. అప్పటికే కుంగిన పట్టణానికి అది పెద్ద దెబ్బ.

అయినా పని పూర్తిగా ఆగిపోలేదు. మచిలీపట్నం, పెడన ప్రాంతాల్లో చెక్క అచ్చులతో అద్దకం నిలిచింది. శ్రీకాళహస్తిలో కలంతో దేవాలయపు కథాచిత్రాలు వేసే సంప్రదాయం నిలిచింది. స్వాతంత్ర్యానంతరం కమలాదేవి ఛటోపాధ్యాయ వంటివారి కృషితో ప్రభుత్వ ప్రోత్సాహం లభించి, 1957లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం ఏర్పడింది. నేడు 'కలంకారీ' పేరుతో అమ్ముడయ్యే చీరల్లో మిల్లు యంత్రాల మీద అచ్చయినవి కూడా ఉన్నాయి. చేతి అద్దకాన్ని ఇంగ్లండ్ యంత్రం అనుకరించిన చరిత్రే ఇప్పుడు మన బజారులో మళ్లీ జరుగుతున్నది. ఈసారి నష్టపోయేది ఎవరు అన్న ప్రశ్న చరిత్ర విద్యార్థి వేయవలసినదే.

9.8 సారాంశం

కోరమాండల్ అద్దకపు బట్ట ఇరాన్‌లో అలంకరణ, సులవేసిలో పవిత్ర వారసత్వం, సయాంలో రాజానుగ్రహం, జపాన్‌లో దాగిన విలాసం, యూరప్‌లో మొదట మంచపు దుప్పటి, తరువాత అందరికీ అందిన ఫ్యాషన్. బట్టకు అర్థం దానిని ధరించే సమాజం నుంచి వస్తుంది. పై తరగతులకే పరిమితమైన అందం కింది తరగతులకు అందినప్పుడు వ్యతిరేకత చట్టరూపం తీసుకుంది. ఆ చట్టాల నీడలో యూరప్ పరిశ్రమ పెరిగింది. చేతిపని యంత్రానికి సహజంగా ఓడిపోయిందని చెప్పడం సరిపోదు. యంత్రం రాకముందే చట్టం, దానితోపాటు సేకరించిన విద్య, రాజకీయాధికారం పోటీని ఒకవైపుకు ఒరిగించాయి. వేషధారణ చరిత్ర రాసేటప్పుడు ధరించినవారితో పాటు తయారుచేసినవారినీ లెక్కలోకి తీసుకోవాలి.

9.9 ముఖ్య పదాలు

అద్దకం: రంగు పట్టించే పదార్థాలతో, మైనంతో బట్ట మీద బొమ్మలు, పూలు వేసే పని.
చిరివేరు: ఎర్రరంగు ఇచ్చే మొక్క వేరు.
పలంగ్‌పోష్: మంచం మీద కప్పే పెద్ద అద్దకపు బట్ట.
సరస: జపాన్‌లో అద్దకపు నూలుబట్టకు పేరు.
ఇండియెన్: ఫ్రాన్స్‌లో భారతీయ అద్దకపు బట్టకూ, దాని అనుకరణలకూ పేరు.

9.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కోరమాండల్ అద్దకపు బట్టకు వివిధ ఆసియా సమాజాలు ఇచ్చిన అర్థాలను వివరించండి.
2. ఇంగ్లండ్, ఫ్రాన్స్ దేశాల నిషేధ చట్టాలకు కారణాలను, ఫలితాలను విశ్లేషించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. అద్దకంలో ఎరుపు, నీలం రంగులు వేసే పద్ధతులను పోల్చండి.
2. అద్దకపు విద్య యూరప్‌కు ఎలా చేరింది?
3. మీ ఇంట్లో ఉన్న ఒక పాత బట్టను ఎంచుకోండి. దానిని ఎక్కడ, ఎవరు, దేనితో తయారుచేశారో, దానిని ఎవరు ఎప్పుడు ధరించేవారో పెద్దలను అడిగి రాయండి.